ఇరవై ఏడో అంశం

పుర్రె బొమ్మ మీద క్యాలెండరు తగిలిస్తుందని ఎవరు మాత్రం అనుకుంటారు, అదీ మార్తమ్మ, ముప్ఫై ఏళ్ళు ఆస్పత్రి ఆపరేషన్ గదిలో పనిచేసి ఎముకల్ని వంటింటి గరిటెల్లా చూసిన మనిషి, ఆమెకు పుర్రె బొమ్మంటే భయమేమిటి, అనుకుంటూ శరత్ బాబు కారు ముందు సీట్లో బెల్టు సర్దుకున్నాడు, పక్కన స్టీరింగు పట్టుకున్న సింధూజ మేడమ్ మదనపల్లె దాటినప్పటి నుంచీ ఒక్క మాట మాట్లాడలేదు, తిట్టే ఇన్‌స్పెక్టరైనా మేలు, తిట్టులో మనసు తెలుస్తుంది, ఈమె నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నట్టు కూర్చుంటే మనిషి ఏమైపోవాలి, ఇళ్ళలో సోలార్ బ్యాటరీలు బిగించేవాళ్ళకు గుర్తింపు ఇచ్చే ఆఫీసు నుంచి వచ్చింది ఈమె, రెండేళ్ళకొకసారి వస్తారు, తను బిగించిన నలభై ఒక్క ఇళ్ళలో తమకు తోచిన మూడిళ్ళు ఏరుకుంటారు, ఒక్కో ఇంట్లో ముప్ఫై ఒక్క అంశాలు చూస్తారు, ఒక్క ఇల్లు తప్పినా జాబితాలోంచి పేరు లేచిపోతుంది, పేరు లేచిపోతే బ్యాటరీ పెట్టె ముట్టుకునే హక్కు పోతుంది, మళ్ళీ పాతరోజుల్లోలాగా కాలిపోయిన బోరు మోటార్లకు రాగితీగ చుట్టుకుంటూ కూర్చోవాలి, నలభై నాలుగేళ్ళ వయసులో, ఆ నడుముతో, మొదటి ఇల్లేమో మార్తమ్మది, తొమ్మిదో అంశం, బ్యాటరీ పక్క గోడ మీది ప్రమాద సూచిక కంటికి కనబడుతూ ఉండాలి, మేడమ్ క్యాలెండరు ఎత్తి చూసింది, కింద పుర్రె పళ్ళికిలించింది, మార్తమ్మ మాత్రం తగ్గలేదు, ఈ గదిలోనే కదమ్మా మా ఆడోళ్ళ ప్రార్థన కూటం జరిగేది, కండ్లు మూసుకోని ప్రార్థన చేసి తెరిస్తే ఎదురుగా పుర్రె ఉంటే ఎట్లుంటాది సెప్పు, అని ఎదురు ప్రశ్న వేసింది, మేడమ్ ఆ ప్రశ్నకు జవాబు ఏ అంశం కింద ఉందో వెతుక్కుంటున్నట్టు చేతిలోని ట్యాబు వైపు చూసి, చివరికి తనే మేకు పీకి క్యాలెండరును జానెడు పక్కకు జరిపి కొట్టింది, గండం గడిచింది, మార్తమ్మ గుమ్మం దాకా వచ్చి, మీ ఇంటామె గ్లోరియాను అడిగినానని సెప్పప్పా, వారం వారం ఫోన్ చేసి కనుక్కుంటాంటాది, బంగారు తల్లి, అంది, అవును మరి, ఫోన్ చేతికి దొరికితే గ్లోరియాకు లోకం గుర్తుండదు, తమ బ్యాటరీల షాపులో కూర్చోబెడితే గిరాకీలతో లోకాభిరామాయణమే, ఆ సంగతి తనకు తెలియంది కాదు.

మొదటి ఇంటి గండం గడిచిందని సంతోషించడానికి లేదు, ఎందుకంటే మేడమ్ ఏరిన మూడో ఇల్లు కుప్పం దగ్గర గుడుపల్లెలో అమరావతిది, నలభై ఒక్క ఇళ్ళుంటే ఆ ఒక్క ఇల్లే దొరకాలా ఈమెకు, పొద్దున షాపు ముందు కారు దిగి ట్యాబులో వేలు పెట్టి చదివింది, మదనపల్లె మార్తమ్మ, పుంగనూరు గంగప్ప, గుడుపల్లె అమరావతి అని, ఆ మూడో పేరు వినగానే శరత్ బాబుకు గుర్తొచ్చింది ఇరవై ఏడో అంశం, అదొక్కటే, తీగలు చూడమను, ఎర్తింగు చూడమను, గోడకు కొట్టిన బోల్టులు ఏనుగును కట్టినా ఊడవు, పనిలో వంక పెట్టేవాడు ఇంకా పుట్టలేదు, కానీ ఇరవై ఏడు తీగల గురించి కాదు, ప్రమాదం వస్తే పెట్టెను ఏ వరసలో ఆపాలో ఇంటివాళ్ళకు వివరంగా నేర్పించాను, వాళ్ళు నా ముందు చేసి చూపించారు, అని బిగించినవాడు సంతకం పెట్టాలి, పక్కన ఇంటివాళ్ళూ సంతకం పెట్టాలి, రెండు సంతకాలూ ఉన్నాయి, నేర్పించడమే లేదు, రెండేళ్ళ కిందట ఆ రోజు పని అయ్యేసరికి మధ్యాహ్నం మూడు, అమరావతి రాగిసంగటి ముద్ద, నాటుకోడి పులుసు పెట్టింది, వద్దంటే వినదు, రెండో ముద్ద కూడా వేసింది, ఆ రెండో ముద్ద దగ్గరే మనిషి పతనం మొదలైంది, కళ్ళు మూతలు పడుతున్నాయి, మదనపల్లె నూరు కిలోమీటర్ల పైమాటే, అమ్మా ఈడ ఒక సంతకం పెట్టు, మిగిలింది ఫోన్‌లో చెప్తా, అన్నాడు, అప్పటికి నిజంగానే చెప్పాలనుకున్నాడు, దేవుడి తోడు, మరుసటి రోజు రామసముద్రంలో పని పడింది, ఆ తరువాత సదుంలో, ఆ తరువాత రెండేళ్ళు గడిచిపోయాయి.

పుంగనూరులో కారాగింది, గంగప్ప కిరాణా కొట్టు వెనకే ఇల్లు, నడవలో బ్యాటరీ, బ్యాటరీ మీద మూడు పట్టెల విభూది, నడుమ రూపాయంత కుంకుమ, మెడ లేని పెట్టెకు మెడ ఊహించి వేసిన చామంతి దండ, శరత్ బాబుకు అక్కడే కూలబడాలనిపించింది, ఆయుధపూజకు బండికీ తక్కెడకూ పూజ చేసిన చేత్తో దీనికీ చేశాడు గంగప్ప, ఆయన్ను అనడానికీ లేదు, అన్నం పెట్టే వస్తువుకు బొట్టు పెట్టడం తప్పని ఎవరు చెప్పగలరు, కానీ పద్నాలుగో అంశం ఏమంటుందంటే పెట్టెకు మీటరు దూరం లోపల దీపం గానీ నిప్పు గానీ ఉండరాదంటుంది, ఆయనేమో రోజూ సాయంత్రం దీపం పెట్టే మనిషి, మేడమ్ వంగి దండను ఒక వేలితో ఎత్తి, గాలి పోయే కంతలు మూసుకోలేదని చూసుకొని, దీపం ఎక్కడ పెడతారండీ అని అడిగింది, అంతే, గంగప్ప కొట్లోకి పరుగెత్తి గుడ్డలు కొలిచే టేపు తెచ్చాడు, ఒక కొస మేడమ్ చేతికిచ్చి ఇంకో కొస గూట్లో దీపం దాకా లాగాడు, సూసుకోండి తల్లీ, మీటరు మీద మూడు అంగుళాలు ఎక్కువే ఉండాది, దేవుడిక్కూడా ఇంత దూరం నుంచి దండం పెట్టల్యా నేను, ఈయప్ప ఇంటామె ఫోన్‌లో సెప్పింది, మీటరు దూరం పెట్టు గంగప్పన్నా, దండ కంతలకు అడ్డం రాకుండా పైనే వెయ్యి అని, కొలిసి ఫోటో పంపేదాకా ఇడిసిపెట్టలేదు, అన్నాడు, మేడమ్ మొదటిసారి శరత్ బాబు వైపు కాస్త మనిషిని చూసినట్టు చూసింది, అతను తల ఊపాడు, తనే చెప్పించినట్టు, తను చెప్పించలేదు, గ్లోరియా ఫోటో తెప్పించుకున్న సంగతి ఈ నిమిషం దాకా తెలియదు, అయినా తల దానంతటదే ఊగింది, పరువు కోసం చేసే పనులు తల మనసును అడిగి చెయ్యదు కదా.

కారు పుంగనూరు దాటి కొండల మధ్య పోతుంటే ఆ ఫోటో మాట ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది, ఇంకా ఏమేం తెప్పించుకుంటోంది ఈ గ్లోరియా, ఆస్పత్రిలో పన్నెండేళ్ళు నర్సుగా చేసినప్పుడూ ఇంతే, డిశ్చార్జి అయిన రోగిని బయటికి పంపాలంటే ఏ మాత్ర పొద్దున, ఏ మాత్ర రాత్రి అని వెంట వచ్చినవాళ్ళ చేత తిరిగి చెప్పించుకునేది, చెప్పలేకపోతే బస్సు పోయినా సరే కూర్చోబెట్టేది, ఒకాయన ఆ భయానికి డిశ్చార్జే వద్దన్నాడు, మోకాళ్ళ నొప్పులతో డ్యూటీలు చేయలేక మానేసి షాపులో కూర్చుంది, ఈ గుర్తింపు పరీక్షకు తను చదివేటప్పుడు పుస్తకం పట్టుకొని ప్రశ్నలు వేసింది కూడా ఆమే, తను జవాబు నములుతుంటే ఆమె సంగటి కెలుకుతూ పుస్తకం చూడకుండానే దిద్దేది, మొదటిసారి తప్పింది, ఆమె కాదు, తను, రెండోసారి అరవై ఒకటి వచ్చింది, అరవైకి పాసు, ఆ పత్రం చట్రం కట్టించి షాపులో తగిలించారు, అరవై ఒకటి అనే అంకె మీదికి వచ్చేట్టు చట్రం అంచు కాస్త వెడల్పుగా చెయ్యమని వడ్రంగితో చెప్పిన సంగతి దేవుడికీ వడ్రంగికీ తప్ప ఎవరికీ తెలియదు, పోయిన ఏడు ఒకరోజు గ్లోరియా అంది, ఏమండీ, నేను కూడా ఆ పరీక్ష రాస్తానండీ, మనిద్దరికీ గుర్తింపు ఉంటే మంచిది కదా, తను పకపకా నవ్వాడు, నువ్వేమి మిద్దెలెక్కి సోలార్ పలకలు బిగిస్తావా, మోకాళ్ళు పట్టుకొని దించేదానికి నలుగురు కావల్ల, అన్నాడు, ఆమె కూడా నవ్వింది, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు, ఆ నవ్వు ఇప్పుడెందుకు గుర్తొస్తోంది, పొద్దున బయలుదేరేటప్పుడు కూడా గుమ్మంలో నిలబడి, సెంటు కొట్టుకోవాకండి, పోయేది పురుగుల ఇంటికి, అంది, ఇన్‌స్పెక్టరు పక్కన కూర్చునే రోజు సెంటు కొట్టుకోకపోతే ఇంకెప్పుడు కొట్టుకోవాలి, క్రిస్మస్‌కు కొన్న సీసా, ఆమె లోపలికి పోగానే రెండుసార్లు కొట్టుకున్నాడు, చంకల్లో ఇంకో రెండు.

గుడుపల్లెలో అమరావతి ఇంటి ముందు దిగగానే అర్థమైంది ఆ మాట, ఆమెది పట్టుపురుగుల పెంపకం, ఇంటిని ఆనుకొని పురుగుల షెడ్డు, షెడ్డు చివర గదిలో బ్యాటరీ, షెడ్డు దాటకుండా బ్యాటరీ దగ్గరికి దారి లేదు, కరెంటు పోతే ఫ్యాన్లు ఆగి పురుగులు ఉక్కకు చచ్చిపోతాయని పెట్టించుకున్న బ్యాటరీ అది, పురుగులు నాలుగో జ్వరం, అంటే నాలుగోసారి కుబుసం విడిచే నిద్ర, లేచి ఆకు ఆబగా తినే వారం, వేల నోళ్ళు మల్బరీ ఆకు కొరుకుతున్న చప్పుడు రేకు మీద సన్నటి వాన పడుతున్నట్టు బయటికి వినిపిస్తోంది, ఈ వారంలో పరాయి మనిషిని గడప తొక్కనివ్వరు, అమరావతి చీర కుచ్చిళ్ళు ఎగదోపుకొని గుమ్మానికి అడ్డంగా నిలబడింది, మేడమ్ ఆఫీసు కార్డు తీసి చూపించింది, ఆ కార్డు పురుగులకు సూపిచ్చుకోమ్మా, వాటికి సదువు రాదు, ముందు సెప్పులు ఇడువు, బ్లీచింగ్ నీళ్ళలో కాళ్ళు ముంచు, సేతులు సూపీ, అని చేతులు పట్టుకొని ముక్కు దగ్గర పెట్టుకుంది, వాసన పట్టేసింది, ఏందిది, దోమల కిరీమా, మేడమ్ ముప్ఫై ఒక్క అంశాల మనిషి, నేరం చేసినదానిలా గొంతు తగ్గించి అవునంది, దోమలు సచ్చేది రాసుకోని వస్తే నా పురుగులు బతుకుతాయా తల్లీ, పో, ఆ తొట్టి కాడ సబ్బుతో మోచేతుల దాకా కడుక్కో, తల్లో పూలు తీసి ఆ గోడ మీద పెట్టు, అంది, మేడమ్ మారు మాట లేకుండా పోయి రుద్దుకుంటుంటే శరత్ బాబుకు లోలోపల ఎంత హాయిగా అనిపించిందంటే నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కోవాల్సి వచ్చింది, ఇన్‌స్పెక్టరుకే ఇన్‌స్పెక్షను, బాగా అయింది, అనుకునేలోపల అమరావతి ముక్కు ఇటు తిరిగింది, రెండు బారల దూరం నుంచే చెయ్యి అడ్డం పెట్టింది, నువ్వు ఆడ్నే ఉండప్పా, పెండ్లికొడుకు మాదిరి గుమగుమలాడతాండావు, సొక్కాయి ఇప్పినా పోదు ఆ వాసన, ఆయమ్మ నీకు సెప్పి పంపలేదా, అంది, చెప్పింది, ఆయమ్మ చెప్పింది, తనే వినలేదు.

అలా తన పని తనిఖీ చేసే వేళకు తను బయట, ఇన్‌స్పెక్టరు లోపల, నడుమ దోమతెర కొట్టిన కిటికీ, ఎండలో గోడకు ఆనుకొని తెర మీద చెవి పెట్టి నిలబడ్డాడు శరత్ బాబు, లోపలికి పోయుంటే కనుసైగ చేసేవాడు, దగ్గేవాడు, ఇది కదమ్మా మొదటి స్విచ్చు అని అందించేవాడు, ఇప్పుడేం చెయ్యాలి, గోడ మీద గోటితో గీకాలా, ఎర్తింగు సరే, తీగ మందం సరే, బోల్టులు సరే, మేడమ్ గొంతు ఒక్కో అంశాన్నీ దాటుకుంటూ వస్తోంది, ఇరవై మూడు, ఇరవై నాలుగు, చిన్నప్పుడు బడిలో హాజరు పిలుస్తుంటే తన పేరు దగ్గరికి వచ్చేసరికి బెంచీ కిందికి జారేవాడు, హోంవర్కు చెయ్యని రోజు, అచ్చం అలాగే ఉంది, యేసయ్యా, ఈ ఒక్కసారికి గట్టెక్కించు, ఇకమీద రెండో ముద్ద ముట్టను, ఇరవై ఆరు, అమ్మా, బ్యాటరీ నుంచి కాలిన వాసన గానీ పొగ గానీ వస్తే మీరేం చేస్తారు, చేసి చూపించండి, ఆ తరువాత ఏమీ వినిపించలేదు, పురుగులు ఆకు కొరికే చప్పుడు తప్ప, అయిపోయింది, రాగితీగ, నడుము నొప్పి, షాపు గోడ మీద చట్రం పోయిన ఖాళీ మేకు, అన్నీ కళ్ళముందు కట్టాయి, అంతలో టక్కుమని ఒక స్విచ్చు పడింది, ఒక సున్నం సుక్క పెట్టింది ఇది, ముందు ఇది దించల్ల, ఇంటికి పోయే కరెంటు, అమరావతి గొంతు, టక్, రెండు సుక్కలది పైన పలకల నుంచి వచ్చేది, టక్, మూడు సుక్కలది బ్యాటరీది, ఆకరున, ముందే దీన్ని దించగూడదు, నీళ్ళు పొయ్యగూడదు, తలుపులు బార్లా తెరిసి అందరమూ బయటికి వచ్చి ఫోన్ చెయ్యల్ల, పురుగులు పోతే పోనీ, మల్లా లోపలికి పోగూడదు, మనిషి పోతే గుడ్డు తెచ్చి పెంచుకోలేము గదా అని సెప్పినారు, ఫ్యాన్లు ఆగినాయమ్మా, ఇంక ఏసేదా, మూడు రెండు ఒకటి, ఎనక్కి, టక్ టక్ టక్, ప్రాణం లేచొచ్చింది శరత్ బాబుకు, లేచొచ్చిన ప్రాణం అక్కడే ఆగి, ఇది నువ్వు చెప్పింది కాదు కదా అని అడిగింది.

చాలా బాగా చెప్పారమ్మా, ఇన్ని ఇళ్ళు చూశాను, ఇంత వరసగా ఎవరూ చేయలేదు, ఎవరు నేర్పించారు, అంటూ మేడమ్ బయటికి వచ్చి ట్యాబులో ఇరవై ఏడో అంశం తెరిచింది, అందులో శరత్ బాబు సంతకం, తోకతో సహా, నిక్షేపంగా ఉంది, ఒక్క మాట చాలు, అమరావతి ఈయప్పే అంటే చాలు, అమరావతి అనగలదు కూడా, సంగటి రెండో ముద్ద పెట్టే మనిషి అబద్ధం ఒకటి పెట్టలేదా, ఆమె మేడమ్‌ను చూసింది, ఇతన్ని చూసింది, మంచి మనసుతో, దాచుకోవడం చేతకాని గొంతుతో, మేడమ్ ఎదురుగానే అడిగేసింది, ఏమప్పా, నీ పేరు సెప్పేదా, ఆయమ్మ పేరు సెప్పేదా, ఏది సెప్తే నీకు మంచిది, అని, మేడమ్ పెదవుల్లో ఏదో కదిలి ఆగింది, ఏ ఆయమ్మ, అంది, తన పేరు చెబితే మూడిళ్ళూ నెగ్గినట్టే, ఆమె పేరు చెబితే ఆ సంతకం దొంగ సంతకమని తనే ఒప్పుకున్నట్టు, మింగలేడు, కక్కలేడు, కిటికీ అవతల పురుగులు తింటూనే ఉన్నాయి, సున్నం చుక్కలు మూడు, పురుగుల ట్రేలకు అంకెల బదులు పెట్టుకునే చుక్కలు, ఫోన్ అవతల కూర్చొని, సంతకం తప్ప చదువు రాని మనిషికి స్విచ్చుల మీది ఇంగ్లీషు ఎలా చెప్పాలా అని ఆలోచించి, మీ ట్రేలకు పెట్టుకుంటారే ఆ చుక్కలే పెట్టుకో అక్కా అని చెప్పి ఉంటుంది, మళ్ళీ చెప్పు అక్కా, ఇంకొకసారి చెప్పు అని తిరిగి చెప్పించుకొని ఉంటుంది, తను అవతలి గదిలోంచి ఆ ముచ్చట్లు ఇంక చాలించవే అని అరిచి ఉంటాడు, అరిచాడు కూడా, చాలాసార్లు, మా ఇంటామె మేడమ్, గ్లోరియా, అన్నాడు, ఆ సంతకం పెట్టిన రోజు నేను నేర్పించలేదు, తిని పోయినాను, తరువాత ఆమె ఫోన్‌లో నేర్పించింది, నాకు ఈ రోజు దాకా తెలియదు, ఆ మాటలు తన గొంతులోంచే వచ్చాయి, తనకే ఆశ్చర్యంగా.

మేడమ్ కారు బానెట్ మీద ట్యాబు పెట్టుకొని చాలాసేపు రాసింది, చదివి వినిపించింది, ఇంటివాళ్ళు చేసి చూపించారు కాబట్టి ఇల్లు తప్పినట్టు కాదు, కానీ నేర్పించకుండా సంతకం చేసినందుకు బిగించినవారికి హెచ్చరిక ఒకటి, ఇంకొకసారి జరిగితే పేరు తొలగింపు, అదొక్కటే కాదు, గుర్తింపు లేని వ్యక్తి శిక్షణ ఇచ్చినందుకు లోపం ఒకటి, ఎంత బాగా ఇచ్చినా లోపం లోపమే అంది, తొంభై రోజుల్లో ఆ వ్యక్తి పరీక్ష రాసి గుర్తింపు తెచ్చుకోవాలి, ఇంటివాళ్ళకు నేర్పించే పనికి వేరే గుర్తింపు ఉంది, మిద్దెలెక్కే అవసరం లేదు, ఫారం మీద నేనే సిఫారసు రాస్తాను, అంతవరకూ మీ పేరు జాబితాలో ఉంటుంది, అంటూ గోడ మీద మర్చిపోయిన పూలు తీసుకొని కారెక్కింది, మిద్దెలెక్కే అవసరం లేదట, ఎక్కినా ఏమిటి, మోకాళ్ళు పట్టుకొని రోజూ మిద్దె మీద బట్టలారేసి వచ్చేది ఎవరు, మూడంతస్తుల మీద కళ్ళు తిరిగి తాడు పట్టుకొని కూర్చునేది ఎవరు, పోయిన ఏడు తను నవ్వింది ఆమె మోకాళ్ళను చూసి కాదు, కారు గుడుపల్లె పొలిమేర దాటుతుండగా ఆ సంగతి తేటగా కనబడింది, షాపు గోడ మీద అరవై ఒకటి పక్కన ఇంకో చట్రం, అందులో తొంభై పైన ఏదో అంకె, దాన్ని ఏ వడ్రంగీ దాచలేడు, ఆ భయానికి నవ్వాడు, సిగ్గేసింది, నిజంగా సిగ్గేసింది, జేబులో ఫోన్ మోగింది, గ్లోరియా, ఏమండీ, సెంటు కొట్టుకొని పోయినారంట కదా, అమరావతక్క ఇప్పుడే చెప్పింది, గట్టెక్కినామా, లేదా, అంది, గట్టెక్కినాము, నిన్ను పరీక్ష రాయమన్నారు, అన్నాడు, పుస్తకం యాడ పెట్టినారు, అంది, అటక మీద, నేను వచ్చి దించిస్తా, ఈసారి పుస్తకం పట్టుకొని ప్రశ్నలు అడిగేది నేను, అన్నాడు, ఫోన్ పెట్టేశాక కిటికీ బయట మల్బరీ తోటలు వెనక్కి పోతున్నాయి, పెట్టెలు నలభై ఒక్క ఇళ్ళకు తను బిగించాడు, ఆ ఇళ్ళలో మనుషులు చల్లగా ఉండేట్టు చూసింది మాత్రం ఆమె, సొమ్మొకరిది సోకొకరిది అన్నట్టు సంతకం తోక తను తిప్పుకున్నాడు, మరి ప్రశ్నలు అడుగుతానన్నాడు గానీ, ఆమె చెప్పే జవాబు తప్పో ఒప్పో తనకెలా తెలుస్తుంది, ఆమెనే అడగాలి.